ఇంచ్‌కొల్మ్ ద్వీపంలోని పాత మఠానికి చిన్న పిల్లలతో వెళ్లడం గురించి సలహా కావాలి

ప్రశ్న (ఎడిన్‌బరో నుండి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్లుగా ఎడిన్‌బరోలో ఉంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి అయిదేళ్లు. ఈ నెలాఖరుకు మా అత్తగారు కోనసీమ నుండి వస్తున్నారు. ఆవిడ ఇక్కడ ఉన్న రోజుల్లోనే ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే సముద్రపు పాయలో ఉన్న ఇంచ్‌కొల్మ్ ద్వీపానికి పడవలో వెళ్లి, అక్కడి పాత క్రైస్తవ మఠాన్ని అందరం కలిసి చూడాలని నాకు ఎంతో కోరికగా ఉంది. జూన్ మొదటి వారంలో వెళ్దామని అనుకుంటున్నాము. సౌత్ క్వీన్స్‌ఫెర్రీ నుండి పడవలు నడుస్తాయని, ద్వీపం మీద సుమారు గంటన్నర గడపవచ్చని తెలుసుకున్నాను.

నా సందేహం ప్రయాణం గురించి కంటే పిల్లల గురించే ఎక్కువ. కిందటి వేసవిలో స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలో ఒక శిథిల మఠానికి వెళ్లినప్పుడు, నేను ప్రతి ఫలకం దగ్గరా ఆగి చదివి వినిపిస్తూ ఉంటే, పావుగంట గడిచేసరికి అబ్బాయి గడ్డిలో చతికిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మాయి ఏడవలేదు కాని, "ఇక్కడ గోడలు తప్ప ఏమీ లేవు కదమ్మా, మనం ఏం చూడాలి?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. అది సరైన ప్రశ్నే అని ఇంటికి వచ్చిన తరువాత అనిపించింది. ఈసారి అలా కాకూడదని ముందుగానే మిమ్మల్ని అడుగుతున్నాను.

అయిదేళ్ల పిల్లవాడికి ఆ ద్వీపంలో ఆసక్తి కలిగించేవి ఏమున్నాయి? మఠం అంటే ఏమిటో, అక్కడ ఎవరు ఎందుకు ఉండేవారో పిల్లలకు ఎలా చెప్పాలి? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేరు, చాలాసేపు నిలబడలేరు. ఆవిడను తీసుకువెళ్లడం సబబేనా? వెళ్లివచ్చినవారు చెప్పగలరు.

జవాబు (డన్‌ఫర్మ్‌లిన్ నుండి)

నమస్కారమండీ. మేము రెండుసార్లు వెళ్లివచ్చాము. రెండవసారి వెళ్లినప్పుడు మా చిన్నవాడికి సరిగ్గా మీ అబ్బాయి వయసే.

ముందు పడవ సంగతి చెబుతాను, ఎందుకంటే చిన్నపిల్లలకు సగం ఆనందం అందులోనే ఉంది. పడవ బయలుదేరే హాస్ పియర్ ఆ ఎర్రటి ఫోర్త్ రైలు వంతెన పక్కనే ఉంటుంది. 1890లో ప్రారంభమైన ఆ వంతెన మీదుగా రైలు వెళ్తుంటే కింద నీటిపై నుండి తలెత్తి చూడడం, ఎడిన్‌బరోలో ఉంటూ రోజూ రైలెక్కేవారికి కూడా కొత్త అనుభవమే. దారిలో నౌకలకు గుర్తుగా నీటిలో తేలుతూ ఉండే బోయాల మీద సీల్స్ పడుకుని ఉంటాయి. మా వాడు వాటిని చూసి, అవి ఎలా పైకి ఎక్కాయో తెలుసుకోవాలని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. ఎండ ఎంత బాగా కాస్తున్నా నీటి మీద గాలి చాలా చల్లగా ఉంటుంది కాబట్టి, జూన్ అయినా సరే టోపీ, గాలి చొరబడని జాకెట్ తప్పనిసరి. మీ అత్తగారికి ఒక శాలువా కూడా ఉంచండి. ఆవిడ కింది అంతస్తులో అద్దాల వెనుక కూర్చోవచ్చు.

టికెట్లు ముందుగానే తీసుకోండి. ద్వీపంలో దిగడానికి విడిగా రుసుము ఉంటుంది. ఇక్కడి పురాతన కట్టడాలను చూసుకునే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ సంస్థలో సభ్యత్వం ఉన్నవారు పడవ టికెట్ మాత్రం కొనుక్కుంటే సరిపోతుంది. పడవలు సుమారుగా వసంతం నుండి అక్టోబరు వరకే నడుస్తాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజున ప్రయాణం రద్దు కావచ్చు కనుక, పిల్లలకు ముందు నుండీ ఆ మాట చెప్పి ఉంచడం మంచిది. రైలులో వచ్చి డాల్మెనీ స్టేషన్‌లో దిగితే రేవుకు నడిచి దిగే దారిలో మెట్లు చాలా ఉన్నాయి, అందుచేత మీ అత్తగారితో బస్సులోనో కారులోనో రావడమే నయం.

ద్వీపంలో మరుగుదొడ్లు ఉన్నాయి, హోటల్ లాంటిది లేదు. తిండి, నీళ్లు మీరే తీసుకువెళ్లాలి. పిల్లల తోపుడు బండి (బగ్గీ) మాత్రం వద్దు, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మఠం రేవుకు దగ్గరలోనే ఉంది, కనుక ఆవిడ నెమ్మదిగా నడిచి రాగలరు. కింది అంతస్తులోని నడవాలు, నడుమ ఉన్న పచ్చిక, ఎనిమిది మూలల సభామందిరం మెట్ల బాధ పెద్దగా లేకుండా చూడవచ్చు. పై గదులకు వెళ్లే మెట్లు ఇరుకుగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. అక్కడికి ఆవిడ రాలేకపోయినా నష్టం లేదు, కింద చూడవలసింది చాలా ఉంది.

జవాబు (గుంటూరు విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, ప్రస్తుతం గ్లాస్గోలో కుమార్తె ఇంట)

అమ్మా, మీ అమ్మాయి వేసిన ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలను నాగార్జునకొండకు, అమరావతికి తీసుకువెళ్లినవాడిని. మొదటి కొన్నేళ్లు నేను కూడా మీలాగే, రాతి పక్కన నిలబడి పాఠం చెప్పేవాడిని. పిల్లలు నా ముఖం చూసేవారే తప్ప రాయిని చూసేవారు కాదు. ఆ తరువాత, కథంతా లాంచీ ఎక్కక ముందే బడిలో చెప్పి, కొండ మీద దిగిన తరువాత నేను నోరు మెదపకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. మీకు నేను చెప్పగలిగిన ముఖ్యమైన సలహా అదే. కథ ఇంట్లో చెప్పండి, ద్వీపంలో పిల్లలను తిరగనివ్వండి.

కిందటి ఏడాది మా అమ్మాయి నన్ను ఇంచ్‌కొల్మ్‌కు తీసుకువెళ్లింది. ఆ కథ పిల్లలకు చెప్పడానికి ఎంతో అనువైనది. 1123లో స్కాట్లాండ్ రాజు మొదటి అలెగ్జాండర్ ఈ నీటిని దాటుతుండగా పెనుగాలి లేచి, ఆయన పడవ ఈ ద్వీపానికి కొట్టుకువచ్చిందట. అక్కడ ఒక్కడే నివసిస్తున్న ఒక సన్న్యాసి, తనకు ఉన్న ఒకే ఒక్క ఆవు పాలు, ఒడ్డున ఏరుకున్న గుల్లలు, చిన్న చేపలు పెట్టి, గాలి తగ్గేవరకు మూడు రోజులు రాజును, ఆయన పరివారాన్ని పోషించాడట. బతికి బయటపడితే ఇక్కడ ఒక మఠం కట్టిస్తానని రాజు మొక్కుకున్నాడు. ఆపదలో మొక్కుకోవడం, గట్టెక్కిన తరువాత మొక్కు చెల్లించడం మన పిల్లలకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. మీరు పడవ ఎక్కే ఊరికి క్వీన్స్‌ఫెర్రీ అనే పేరు ఈ రాజు తల్లి మార్గరెట్ రాణి వలన వచ్చింది. యాత్రికులు నీటిని దాటడానికి ఆమె పడవ ఏర్పాటు చేసిందని చెబుతారు. తల్లి ఏర్పాటు చేసిన రేవు దారిలోనే కొడుకు తుఫానులో చిక్కుకున్నాడని చెబితే మీ అబ్బాయి తప్పక వింటాడు.

అలెగ్జాండర్ మరుసటి ఏడాదే మరణించాడు. మఠం స్థిరపడడానికి ఆయన తరువాత చాలాకాలం పట్టింది, 1235లో గాని దానికి పూర్తి స్థాయి మఠం హోదా రాలేదు. ఆ సంగతులు మీరు తెలుసుకుంటే చాలు, పిల్లలకు అక్కర్లేదు.

మఠం అంటే ఏమిటో చెప్పడానికి మతం నుండి మొదలుపెట్టకండి, ఇంటి నుండి మొదలుపెట్టండి. కొందరు మనుషులు కుటుంబాలు లేకుండా, కలిసి ప్రార్థించాలని, ఈ చిన్న ద్వీపంలో ఒకే ఇంట్లో వందల ఏళ్లు తరతరాలుగా బతికారు. వారు సెయింట్ అగస్టిన్ పేరిట ఏర్పడిన నియమాలను పాటించే సన్న్యాసులు. వారు ఎక్కడ పడుకునేవారు? ఎక్కడ తినేవారు? ఇంత చలిలో ఎక్కడ చేతులు కాచుకునేవారు? మీ పిల్లలను ఈ ప్రశ్నలతో లోపలికి పంపండి. స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా చెక్కుచెదరకుండా మిగిలిన మఠ భవనాలు ఇవేనని పేరు కనుక, జవాబులు వారికి నిజంగానే దొరుకుతాయి. భోజనశాల, నిద్రశాల పై అంతస్తులో ఉన్నాయి. ఎనిమిది మూలల సభామందిరంలో గోడల వెంట రాతి అరుగులు ఉన్నాయి. ప్రతిరోజూ అందరూ అక్కడ కూర్చుంటే, నియమావళి నుండి ఒక అధ్యాయం చదివేవారు. ఇంగ్లీషులో ఆ గదికి చాప్టర్ హౌస్ అనే పేరు అందుకే వచ్చింది. పిల్లలను ఆ అరుగు మీద కూర్చోబెట్టి, మీరు ఎదుటి మూల నుండి నెమ్మదిగా ఒక పద్యం చదివి చూడండి, రాతి కప్పు కింద గొంతు ఎలా మోగుతుందో వారే కనిపెడతారు. అయిదేళ్లవాడికి మరింత నచ్చేది మరుగుదొడ్ల గది. సముద్రపు పోటు వచ్చి శుభ్రం చేసేలా దానిని కట్టుకున్నారు. దాన్ని చూపించడానికి సంకోచించకండి. ఆ మనుషులు మనలాంటివారే అని పిల్లలకు మొదట నమ్మకం కలిగేది అక్కడే.

మీ అమ్మాయి తొమ్మిదేళ్లది కనుక ఆమెకు ఇంకొక్క మనిషిని పరిచయం చేయండి. వాల్టర్ బోవర్ 1418 నుండి 1449లో మరణించే వరకు ఇక్కడి మఠాధిపతి. 1440లలో ఇదే ద్వీపంలో ఉంటూ స్కాట్లాండ్ చరిత్రను లాటిన్‌లో పదహారు భాగాలుగా రాసినవాడు ఆయనే. రాజు, సన్న్యాసి, ఆవు కథ మనకు అందింది కూడా ఆయన రాతలలోనే. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఓడలు వచ్చి మఠాన్ని దోచుకునేవి. అందుచేత వేసవి రాగానే సన్న్యాసులు భయంతో తీరానికి వెళ్లిపోయి, సముద్రం కల్లోలంగా మారి ఓడలు రాలేని చలికాలంలో ద్వీపానికి తిరిగి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషువారి దాడి నుండి ఈ బృందాన్ని కాపాడమని ఈ ద్వీపానికి ఎవరి పేరు వచ్చిందో ఆ క్రైస్తవ సాధువు సెయింట్ కొలంబాను వేడుకునే పాట ఒకటి ఇక్కడి ప్రార్థన గీతాల రాతప్రతిలో నేటికీ ఉంది. ఆ భయాన్ని మీ అమ్మాయి అర్థం చేసుకోగలదు.

జవాబు (లివింగ్‌స్టన్ నుండి ఒక తండ్రి)

మాస్టారు చెప్పినదంతా ఎంతో బాగుంది, నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. అయితే జూన్‌లో వెళ్లాలన్న ఆలోచనను మాత్రం మానుకోమని గట్టిగా కోరుతున్నాను.

మే నుండి జూలై వరకు ఆ ద్వీపం సీగల్స్‌ది. అవి దారి పక్కన గడ్డిలోనే గూళ్లు పెట్టుకుంటాయి. గుడ్ల నుండి పిల్లలు బయటికి వచ్చిన తరువాత, దగ్గరకు వచ్చినవారి తలల మీదికి అరుస్తూ దూసుకువస్తాయి. మేము జూన్ మధ్యలో వెళ్లాము. అప్పటికి ఆరేళ్లున్న మా పాప భయంతో నా కాళ్లను పట్టుకుని కదలలేదు. గొడుగు తెరిచి తల మీద పట్టుకుని మఠం లోపలికి చేర్చాను. తరువాత పడవ వచ్చేదాకా ఆమె బయటికి రానంది. గంటసేపు ఆ నడవాలోనే కూర్చున్నాము. ముందుగా తెలుసుకోకుండా తీసుకువెళ్లడం నా పొరపాటు. ఆ పక్షుల తప్పేమీ లేదు, వాటి ఇంటికి మనం వెళ్తున్నాము. కొండ అంచుల్లో ఫుల్మార్ అనే పక్షులు కూడా గూళ్లు కడతాయి. మరీ దగ్గరకు వెళ్తే అవి దుర్వాసన గల నూనెను ఉమ్ముతాయి, అది బట్టలకు అంటితే పోదు.

వేసవి మొదట్లో వెళ్తే పఫిన్లు అనే రంగుల ముక్కు సముద్రపక్షులు కనిపించవచ్చన్న ఆశ ఉంటుంది, ఆగస్టుకు అవి సముద్రంలోకి వెళ్లిపోతాయి. పదేళ్లు దాటిన పిల్లలైతే ఆ ఆశతో టోపీలు పెట్టుకుని వెళ్లమనే చెప్పేవాడిని. అయిదేళ్లవాడు, మోకాళ్ల నొప్పితో ఒక పెద్దావిడ ఉన్నప్పుడు, సెప్టెంబరు వరకు ఆగడమే మేలు. ఏ నెలలో వెళ్లినా, చచ్చిపడిన పక్షులను పిల్లలు ముట్టుకోకుండా చూడండి.

ప్రశ్న వేసిన తల్లి

అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. మా అత్తగారు అక్టోబరు మొదటి వారం వరకు ఉంటారు కాబట్టి సెప్టెంబరులో వెళ్లాలని నిశ్చయించుకున్నాము. మాస్టారూ, ఒక్క చిన్న మనవి. కథలన్నీ ఇంట్లోనే చెప్పేస్తాను, మీ మాట పాటిస్తాను. కాని ద్వీపంలో నోటితో చెప్పదగినది ఒక్కటంటే ఒక్కటి ఉంటే, అది ఏమిటి?

జవాబు (గుంటూరు విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, ఒక్కటే అయితే ఇది చెప్పండి. ఒకప్పుడు ఆ మఠం ద్వారం మీద లాటిన్‌లో ఒక ప్రార్థన చెక్కి ఉండేదట. దాని భావం: ఒక చీమ సముద్రపు నీటినంతా తాగేసేవరకు, ఒక తాబేలు భూమినంతా చుట్టి వచ్చేవరకు ఈ ఇల్లు నిలిచి ఉండుగాక. ఆచంద్రతారార్కం అని మన శాసనాలలో రాసుకున్నట్టే ఇది కూడా. కాని చంద్రుడిని, సూర్యుడిని కాకుండా చీమను, తాబేలును తలచుకోవడం నాకు ఎంతో నచ్చింది. పిల్లలకు భావం వివరించకండి. వాక్యం మాత్రం చెప్పి ఊరుకోండి.

మరొక మాట. తూర్పు కొనలో కొండను తొలిచిన ఇటుకల సొరంగం ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916-17లో, ఫిరంగుల కోసం సైనికులు కట్టినది. మఠం చూసి అలసిన పిల్లవాడికి అది పనికివస్తుంది.

ప్రశ్న వేసిన తల్లి (సెప్టెంబరులో)

కిందటి శనివారం వెళ్లివచ్చాము. సలహా ఇచ్చినవారందరికీ ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

రెండు రోజులు గాలి ఎక్కువగా ఉండడం వలన పడవ వెళ్తుందో లేదో అని బయలుదేరేవరకు భయపడ్డాము. నీరు కొంచెం అలజడిగానే ఉంది. అత్తగారు కింద అద్దాల దగ్గర కూర్చుని, వంతెన కింది నుండి వెళ్తున్నప్పుడు మాత్రం శాలువా కప్పుకుని పైకి రావాలని పట్టుబట్టారు. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెనను చిన్నప్పుడు లాంచీ నుండి చూశానని, దాని తరువాత మళ్లీ ఇదేనని చెప్పారు. సీల్స్ కనిపించాయి. ద్వీపంలో సీగల్స్ ఉన్నాయి కాని, మా మీదికి ఏవీ రాలేదు. అయితే పులిహోర డబ్బా మూత తీసిన క్షణంలో ఒకటి వచ్చి పక్కనే నిలబడింది, అందుచేత భోజనం లోపలే చేశాము.

మఠంలో అడుగుపెట్టి, నడుమ ఆకాశం కనిపించే పచ్చికను, దాని చుట్టూ ఉన్న నడవాను చూడగానే అత్తగారు ఆగిపోయి, "ఇది మన మండువా ఇల్లే కదే" అన్నారు. ఆవిడ పుట్టిన ఇల్లు అలాంటిదే. వాన పడుతుంటే తడవకుండా నాలుగు వసారాల్లో తిరిగేవాళ్లమని, ధాన్యం ఎక్కడ పోసేవారో, పురుడు ఏ గదిలో పోసేవారో మా అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ అవసరం కాలేదు. ఆ ఇద్దరూ అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. తరువాత అమ్మాయి, "నానమ్మా, ఇక్కడ ధాన్యం ఎక్కడ పోసేవారో చూద్దాం రా" అని తనే ముందు నడిచింది.

అబ్బాయి విషయం దాచకుండా చెప్పాలి. వాడికి సభామందిరం నచ్చలేదు, పద్యం చదవబోతే చెవులు మూసుకున్నాడు. మరుగుదొడ్ల గది మాత్రం రెండుసార్లు చూశాడు. మిగిలిన సమయంలో సగం మఠం పక్కన ఉన్న చిన్న ఒడ్డున గులకరాళ్లు ఏరి నీళ్లలోకి విసురుతూ గడిపాడు. కిందటి ఏడాది అయితే వాడిని చేయి పట్టుకుని లోపలికి లాక్కువచ్చేదాన్ని. ఈసారి వాళ్ల నాన్న వాడి దగ్గర కూర్చున్నారు. సొరంగం దాకా వెళ్లడానికి సమయం సరిపోలేదు, వాడికి ఆ కొరత ఉంది.

ఒక సంగతి మాస్టారికి ప్రత్యేకంగా చెప్పాలి. శిథిలమైన చర్చి భాగంలో ఒక సమాధి గూడులో పదమూడవ శతాబ్దపు రంగుల చిత్రం కొంత మిగిలి ఉంది. అంత్యక్రియలకు నడుస్తున్న మతగురువుల వరుస అది. పై భాగం చెరిగిపోయింది, తలలు లేవు. వస్త్రాల మడతలు, పాదాలు మిగిలాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రంగు అని చెప్పబోయి ఆగిపోయాను. అమ్మాయి చాలాసేపు చూసి, "ముఖాలు లేకపోయినా వీళ్లు ఎటు వెళ్తున్నారో తెలుస్తోందమ్మా" అంది. గోడలు తప్ప ఏమీ లేవన్న పిల్ల ఆమే.

చీమ, తాబేలు మాట తిరుగు పడవ కోసం నిలబడినప్పుడు చెప్పాను. అమ్మాయి నవ్వింది. అబ్బాయి దాన్ని పట్టించుకోకుండా వేరే ప్రశ్న అడిగాడు, ఆ ప్రశ్న ఇంటికి వచ్చేదాకా, రాత్రి పడుకునేదాకా వదలలేదు. ఆ సన్న్యాసి దగ్గర ఒక్క ఆవే ఉంది కదా, ద్వీపానికి ఆ ఆవు ఎలా వచ్చింది, పడవలో నిలబడి వచ్చిందా, పడుకుని వచ్చిందా అని. బోవర్ దీని గురించి ఏమైనా రాశారేమో, మాస్టారు దయచేసి చెప్పగలరు. రోజూ బడి నుండి రాగానే అడుగుతున్నాడు.